నేను పుట్టించిన రొమేనియా ముఠా

రొమేనియా ఎక్కడుందో నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. కానీ ఆ దేశపు దొంగల ముఠా చరిత్ర రాసిపెట్టాను. అరవై పేజీలు, మూడు తరాలు, రెండు పటాలు. అందులో ఒక్క ముక్క నిజం లేదు.

సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు ఎవరు అడిగితే వాళ్లకు దొరుకుతున్న రోజులవి. మా కంపెనీ ఊరి పడమటి చివర బూన్ లే దాటాక ఫ్యాక్టరీల మధ్య ఒక మేడ మీద ఉండేది. కింది అంతస్తులో బిస్కెట్లు చేసేవాళ్లు. పన్నెండు మందిమి, అందరం తెలుగువాళ్లమే. విజిటింగ్ కార్డు మీద మాత్రం కంపెనీ పేరు పక్కన ‘గ్లోబల్’ అని ఉండేది. బ్యాంకు కార్డులకు దొంగలు నకళ్లు తీస్తే పసిగట్టే సాఫ్ట్‌వేర్ మాది. అది పనిచేసేదా అంటే, బ్యాంకు వాళ్లకు చూపించే రోజున పనిచేసేది.

మా డైరెక్టర్ గారిది గుంటూరు వైపు. రెండు సెల్‌ఫోన్లు పట్టుకుని, మోగని ఫోన్‌లో కూడా గట్టిగా మాట్లాడగలిగిన మనిషి. మేమంతా ఆయన వెనక ఎంత నవ్వుకున్నా ఆయన వస్తే లేచి నిలబడేవాళ్లం. ఆఫీసులో ప్రోగ్రాం రాయడం రానిది నాకొక్కదానికే. అనంతపురంలో ఎం.ఏ. హిస్టరీ చదివి, హైదరాబాద్‌లో మూడు నెలల కోర్సు చేసి, ఏ బటన్ నొక్కితే ఏం వస్తుందో రాసే ఉద్యోగానికి వచ్చాను. ఆ చదువు నా కొంప ముంచుతుందని అప్పుడు అనుకోలేదు.

ఏడాది గడిచినా సాఫ్ట్‌వేర్ ఎవరూ కొనలేదు. ఈగలు తోలుకుంటున్న ఒక మధ్యాహ్నం డైరెక్టర్ గారు నన్ను గదిలోకి పిలిచారు.

“ఈ ఊళ్లో దొంగతనాలే లేవమ్మా. టేబుల్ మీద పర్సు పెట్టేసి అన్నం తెచ్చుకోడానికి వెళ్తారు జనం. ఇంక మన సాఫ్ట్‌వేర్ ఎవడు కొంటాడు? ముందు వీళ్లకి భయం పుట్టాలి,” అన్నారు.

“ఎట్ల పుట్టిస్తాం సార్?”

“ఒక ముఠా కావాలి. మామూలు జేబుదొంగలు కాదు, పుట్టుపూర్వోత్తరాలున్న ముఠా. నువ్వు ఎమ్మే హిస్టరీ కదా, రాసెయ్.”

“చరిత్రంటే జరిగింది రాయాల కదా సార్.”

“జరిగింది రాయడానికి పోలీసులున్నారుగా. మనమెందుకూ?”

గోడకు ఎవరో ఇచ్చిన ప్రపంచ పటం ఉండేది. దాని ముందు నిలబడి, చీరల షాపులో చీర ఎంచినట్టు దేశాన్ని ఎంచారాయన. రష్యా అందరూ వాడేశారన్నారు. ఇటలీ అంటే సినిమా అనుకుంటారన్నారు. చివరికి వేలు రొమేనియా మీద ఆగింది.

“ఇదీ. ఈ దేశంవాడు సింగపూర్‌లో ఒక్కడు కూడా ఉండడు. మనల్ని వచ్చి అడిగేదెవడు?”

నాకు నవ్వొచ్చింది. భయం కూడా వేసింది. ఆ రెంటికంటే ముందు, ఇన్నాళ్లకు నా చదువుతో పని పడిందన్న సంతోషం వేసింది. సిగ్గులేని సంతోషం. ఆ సాయంత్రమే రాయడం మొదలుపెట్టాను.

ముఠాల గురించి నాకు తెలిసినదంతా మా ఊరి రెండు పార్టీల గొడవలే. కాలువ నీళ్ల దగ్గర మొదలై మూడు తరాలు నడిచిన పగ అది. దాన్నే ఎత్తుకెళ్లి రొమేనియాలో పెట్టాను. కాలువను నది చేశాను. నాటుబాంబులు కార్డుల నకళ్లు తీసే యంత్రాలయ్యాయి. జీపులు వ్యాన్లయ్యాయి. మా ఊళ్లో ఒక పార్టీవాళ్లు ఎదుటివాళ్ల ఇంటికి తమ మనిషిని వంటమనిషిగా పంపారని చెప్పుకునేవాళ్లు. దాన్నీ వదల్లేదు. ‘బాగా చదువుకున్న తమ ఆడవాళ్లను ఈ ముఠా బ్యాంకుల కంప్యూటర్ విభాగాల్లో ఉద్యోగాలకు పంపుతుంది’ అని రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు కుర్చీలో వెనక్కి వాలి మురిసిపోయిన సంగతి ఇప్పటికీ గుర్తుంది.

ముఠా గుట్టు మూడు తరాలు బయటికి ఎందుకు పొక్కలేదో చెప్పాలి కదా. అందుకని ముఠా పెద్ద సొంత అక్క కూతుర్నే పెళ్లి చేసుకున్నాడని, కూతుళ్లను చెల్లెళ్ల కొడుకులకే ఇచ్చాడని రాశాను. రహస్యం ఇల్లు దాటదు. మిగతావి రాసేటప్పుడు కల్పిస్తున్నానని నాకు తెలుసు. ఇది రాసేటప్పుడు కల్పిస్తున్నాననే అనిపించలేదు. నమ్మకమున్న ఇళ్లల్లో పెళ్లిళ్లు అలాగే జరుగుతాయి కదా అనుకున్నాను.

మొదటి పేజీలో ‘ఇది ఉదాహరణ కోసం కల్పించిన కథ’ అని ఒక వాక్యం పెట్టాను. డైరెక్టర్ గారు దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

“ఇదుంటే ఎవడు భయపడతాడమ్మా? పోనీలే, ఎవరికేం నష్టం?”

ఆ వాక్యం లేకుండా పేజీ మళ్లీ టైపు చేసిచ్చాను. చరిత్ర నున్నటి కాగితం మీద అచ్చయింది. రెండు నెలల్లో ఒక బ్యాంకు మా సాఫ్ట్‌వేర్ కొంది. డైరెక్టర్ గారు ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచి, నన్ను చూపించి “మా హిస్టారియన్” అన్నారు. బూన్ లేలో ఇద్దరం సర్దుకున్న గది వదిలి, టాంపినీస్‌లో నాకంటూ ఒక గది తీసుకున్నాను. అమ్మకు ఫోన్ చేసి గొప్పలు పోయాను. ఏం రాశావని అడిగితే రిపోర్టు అన్నాను.

ఆ బ్యాంకు వాళ్లకు సాఫ్ట్‌వేర్ వాడటం నేర్పడానికి నన్నే పంపారు. మొదటి రోజు నా పక్క సీట్లో సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగిని కూర్చుంది. నలభై లోపు వయసు, పొట్టి జుట్టు, ముక్కు మీదికి జారే కళ్లజోడు. మా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పొద్దున్నే పదకొండు పట్టుకుంది. ఏ దేశమని అడిగాను. రొమేనియా అంది.

ఒక్కడు కూడా ఉండడన్న దేశం మనిషి నా పక్కనే కూర్చుని, నా పెన్ను అడిగి తీసుకుని రాసుకుంటోంది.

మంచి మనిషి కాకపోయి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. మధ్యాహ్నం తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కు నాకంటే ముందే వెళ్లి, నా కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా గుర్తు పెట్టి, ఉంచేది. ఆరేళ్ల కూతురు రొమేనియాలో అమ్మమ్మ దగ్గర ఉంది. ఈమె కాంట్రాక్టు, దాంతోపాటు ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్, ఇంకో నెలలో పొడిగిస్తే పిల్లను తెచ్చుకుంటుంది. బడి కూడా చూసిపెట్టింది. పిల్ల కోసం కొన్న బడి బూట్లు డెస్కు కింద పెట్టెలో ఉండేవి. సైజు సరిపోతుందో లేదోనని వాటిని తీసి నాకు చూపించేది.

ఒకరోజు భోజనం దగ్గర పెళ్లిళ్ల మాట వచ్చింది. మా నాన్న మా అమ్మకు సొంత మేనమామేనని చెప్పాను. ఆమె చెంచా కింద పెట్టేసింది. మళ్లీ చెప్పమంది. ఎత్తుకుని ఆడించిన పిల్లనే పెళ్లి చేసుకున్నాడని మా ఊళ్లో నాన్నను ఆటపట్టించేవాళ్లని, అమ్మ ఆయనతో సంతోషంగానే ఉందని చెప్పాను. ఆమె మొదట ముఖం చిట్లించింది, తర్వాత నవ్వింది. “నా దేశంలో అయితే మీ నాన్నను జైల్లో పెడతారు. అయినా నువ్వు చెబుతున్నావు కాబట్టి నమ్ముతాను,” అంది.

అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది. ముఠా పెద్ద పెళ్లి గుర్తు రావాల్సింది. రాలేదు. నేను ఆ పూట నూడుల్స్ తిని, ఆమె కూతురి ఫొటో చూసి, ముద్దుగా ఉందని చెప్పి లేచాను.

వారం తర్వాత ఆమెకు కంప్యూటర్ గది తలుపు తెరుచుకోవడం మానేసింది. తలుపు తెరిచే కార్డు పాడైందనుకుంది. కార్డు బాగానే ఉంది. బ్యాంకు భద్రత చూసే మేనేజరు మా చరిత్రను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. ఈ ప్రపంచంలో దాన్ని పూర్తిగా చదివిన పాఠకుడు ఆయనొక్కడే అయ్యుంటాడు. చదివి, నేను మురిసిపోయిన ఆ వాక్యం కింద గీత గీశాడు. ఆమె కాంట్రాక్టు పొడిగింపు ఆపేశాడు. నిపుణులు వచ్చి సలహా చెప్పాలని డైరెక్టర్ గారినీ నన్నూ పిలిపించాడు. నిపుణులం! బిస్కెట్ల కంపెనీ పై అంతస్తు నిపుణులం.

మీటింగ్ గదిలో నలుగురమే. ఆమెకు ముందురోజే చరిత్ర ఇచ్చి చదవమన్నారు. మేనేజరు మర్యాదస్తుడే. ఇబ్బంది పడుతూనే తన సింగపూర్ యాసలో అడిగాడు.

“మీ రిపోర్ట్‌లో ఇలా ఉంది కదా లా. ఈమె వాళ్ల మనిషేనా, కాదా? క్యాన్ టెల్ ఆర్ నాట్?”

డైరెక్టర్ గారు టై సర్దుకుని, “కాదని చెప్పలేం,” అన్నారు. అంతే. ఒక మనిషి బతుకు గురించి ఆయన ఆలోచించింది ఆ టై సర్దుకున్నంత సేపు.

ఆమె అరవలేదు, ఏడవలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు చూపించే గొంతుతోనే మాట్లాడింది. “పదకొండో పేజీ తీయండి. ముఠా పెద్ద అక్క కూతుర్ని పెళ్లి చేసుకున్నాడని ఉంది. మా దేశంలో ఏ చర్చిలోనూ ఈ పెళ్లి చేయరు, చట్టం ఒప్పుకోదు, దొంగలు కూడా చేసుకోరు. ఇది రాసిన మనిషి రొమేనియా చూడలేదు. ఇలాంటి పెళ్లిళ్లు మామూలుగా జరిగే చోటి నుంచి వచ్చిన మనిషి రాసింది ఇది.”

అని నా వైపు చూసింది. వేలు చూపించలేదు. మా అమ్మ పేరెత్తలేదు. నేనే చెప్పాలని చూస్తూ ఊరుకుంది. ఆ మర్యాద నేను ఇప్పటికీ భరించలేను.

మేనేజరు కాగితాల్లోంచి తలెత్తాడు. ఒక్క వాక్యం చాలు. ‘ఇది నేను కల్పించాను’ అంటే ఆమె కాంట్రాక్టు నిలబడుతుంది, పిల్ల వస్తుంది. మా కంపెనీ పోతుంది, నా పాస్ పోతుంది, టాంపినీస్ గది పోతుంది. నోరు తెరిచాను కూడా. ఈలోపు డైరెక్టర్ గారు అందుకున్నారు.

“అక్కడ కొన్ని కొండ ప్రాంతాల్లో ఈ ఆచారం ఉంది. మా హిస్టారియన్ పరిశోధన చేశారు,” అని ఇంగ్లీషులో చెప్పి, నా వైపు తిరిగి నవ్వు చెదరకుండా తెలుగులో, “అవునని చెప్పమ్మా,” అన్నారు.

“అవును,” అన్నాను. అది చాలదన్నట్టు, “కొండ ప్రాంతాల్లో ఉంది,” అని కూడా అన్నాను. ఆయన్ని ఇన్నేళ్లుగా ఎంత తిట్టుకున్నానో లెక్కలేదు. కానీ ఆ రెండో వాక్యం ఆయన అడగలేదు, నేనే చెప్పాను.

సాయంత్రం లిఫ్ట్ దగ్గర కనబడింది. చేతిలో అట్టపెట్టె, దాని మీద బడి బూట్లు. ముఖం తిప్పుకుని వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు.

“మీ అమ్మ గురించి ఆ రోజు చెప్పావే,” అంది. “అది కూడా నువ్వు రాసిందేనా?”

“కాదు. అది నిజం.”

ఆమె తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. లిఫ్ట్ వచ్చింది, ఎక్కింది. నేను తర్వాతి లిఫ్ట్ కోసం ఆగాను. నెల తిరక్కముందే ఆమె దేశం వెళ్లిపోయిందని బ్యాంకులో ఎవరో చెప్పారు.

డైరెక్టర్ గారికి ఇదంతా కలిసొచ్చింది. సింగపూర్ బ్యాంకులోనే ముఠా మనిషి బయటపడిందని చెప్పుకుంటూ ఇంకో రెండు బ్యాంకుల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. నన్ను మళ్లీ గదిలోకి పిలిచారు.

“రెండో ముద్రణ వేద్దామమ్మా. ఆ మేనరికం ముక్క తీసెయ్, లేనిపోని అనుమానాలొస్తున్నాయి. ఆ చోట బ్యాంకులో పట్టుబడ్డ ఆవిడ సంగతి వెయ్. పేరొద్దులే. కళ్లజోడు, పొట్టి జుట్టు, అవన్నీ వెయ్.”

“ఆమె యాడ పట్టుబడింది సార్?” అన్నాను. అంతవరకే అనగలిగాను.

“వెళ్లిపోయిందిగా. ఏ తప్పూ చెయ్యకపోతే ఎందుకెళ్తుంది?”

సీటుకు వచ్చి పదకొండో పేజీ తెరిచాను. ఆ అరవై పేజీల్లో మా ఇంట్లో నిజంగా జరిగింది ఆ పెళ్లి ఒక్కటే. మా అమ్మానాన్నల పెళ్లిని అక్కణ్నుంచి కొట్టేసి, ఆ ఖాళీలో ఆమెను రాశాను.