బోర్డు మీద నంబరు

ఎనభైల తొలి రోజులు. పన్ను తీయించుకున్న నాలుగో నాడు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాను. పత్రికకు అక్కడి వార్తలు రాయడం నా పని. చేపల వేలం దగ్గర ఒక బోటు పేరు అడగబోతే నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. కుడి దవడ కింద వాపు రాయిలా తగిలింది.

బోటు నడిపే అప్పలరాజు నవ్వాడు. "ఏటి బావా, పేపరోడివి మూగనోము పట్టినావేటి?"

పన్ను తీసే మనిషిని చూపించింది అతనే. చిన్న గది, గాజు బీరువాలో కట్టుడు పళ్లు, గుమ్మం మీద 'పళ్ల డాక్టరు, రిజిస్టర్డ్ నం.' అని బోర్డు, పక్కన నాలుగంకెలు. ఆ అంకెలు చూసే లోపలికి అడుగుపెట్టాను.

సాయంత్రానికి జ్వరం వచ్చింది. మర్నాడు ఆసుపత్రి పళ్ల విభాగంలో డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశారు.

"పంటి వేరు, రూట్ ముక్క లోపలే ఉంది. ఇన్ఫెక్షన్ ఎముకకు పాకింది, ఆస్టియోమైలైటిస్. ఆలస్యమైతే దవడ ఎముక కొంత తీసేయాలి. ఎవరు తీశారు పన్ను?"

కాగితం మీద రాసి చూపించాను. 'రిజిస్టర్డ్' అన్న మాట కింద గీత కూడా గీశాను.

"ఆ నంబరు దేనిదో అడిగారా?"

అడగలేదు. వార్తలో ఒక ఇంటిపేరు తప్పు పోకూడదని రెండుసార్లు అడిగేవాణ్ణి, నా నోట్లో చెయ్యి పెట్టే మనిషిని ఒక్క మాట అడగలేదు. అప్పలరాజే వెళ్లి కనుక్కొచ్చాడు.

"అది కొట్టు రిజిస్ట్రేషన్ నంబరంట బావా! కిళ్లీ కొట్టోడికీ ఉంటాదంట."

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ బొమ్మ గీసి, ఏం చేస్తారో చెప్పారు. పెదవి తిమ్మిరి మిగిలిపోవచ్చన్నారు. ఒప్పుకుంటేనే సంతకం పెట్టమన్నారు. రూట్ తీశారు. మూడు వారాలు ఇంజెక్షన్లు, గంజి. తగ్గిందనుకుంటుండగా మళ్లీ చీము కారింది.

రెండో ఎక్స్‌రే చూసి ఆమె కుర్చీ నా మంచం దగ్గరకు లాక్కున్నారు. "విరిగిన ఎముక ముక్క ఒకటి మొదటి ఎక్స్‌రేలోనే ఉంది. నేను చూసుకోలేదు. తప్పు నాది. మళ్లీ తెరవాలి. వేరే డాక్టరు కావాలంటే రాసిస్తాను."

దాచినా నాకు తెలిసేది కాదు కదా అని రాసి చూపించాను.

"డెంటల్ కౌన్సిల్ రిజిస్టరులో నా పేరుంది. మీరు ఫిర్యాదు చేస్తే జవాబు చెప్పుకోవాలి. పేరు కొట్టేయనూవచ్చు. మీ పన్ను తీసినాయన పేరు ఎక్కడ ఉందని కొట్టేస్తారు?"

రెండోసారీ ఆమె చేతే చేయించుకున్నాను. మంచం మీదే కూర్చుని, రిజిస్టరులో పేరు లేకుండానే వైద్యం చేస్తున్నాడని పన్ను తీసిన మనిషి మీద కౌన్సిల్‌కు ఫిర్యాదు రాశాను.

అప్పలరాజుకు నచ్చలేదు. "మనోడే కదేటి. వొగ్గీ బావా."

"మనోడనే ఎవరం అడగలేదు. మా చెల్లెమ్మకి, అదే మీ ఆవిడకి, పన్ను నొప్పన్నావు. అక్కడికే పంపుతావా?" దవడ ఇంకా తెరుచుకోక పళ్ల సందుల్లోంచే అన్నాను.

అప్పలరాజు "ఇటివ్వు," అని కాగితం లాక్కుని సాక్షి సంతకం పెట్టాడు. తర్వాత విచారణ జరిగింది, కొన్ని నెలలకు ఆ బోర్డు దిగింది.

దవడ దక్కింది. పెదవి కుడి కొసకు మాత్రం స్పర్శ రాలేదు. టీ చుక్క జారినా నాకు తెలియదు, అప్పలరాజు సైగ చేస్తాడు, తుడుచుకుంటాను.

నేను చెప్పగలిగేది ఒక్కటే. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోకముందే, మీ నోరు ఇంకా మీ చేతిలో ఉండగానే, ఆ నంబరు ఏ రిజిస్టరులోదో అడగండి.