మంచులో కూరిన సీసా

“నా ముక్కు ఇక ఎప్పటికీ పనిచేయకపోతే? పాలు విరిగిన సంగతి తెలియక పాపకు పట్టేస్తే?”

జ్వరం తగ్గినా వాసనలు తిరిగి రాని రోజుల్లో, ఫోనులో మా పిన్నిని ఇలా అడిగాను. “పాలు మీ ఆయన్ని వాసన చూడమను. అంతవరకైనా పనికొస్తాడు,” అంది. తర్వాత నవ్వు ఆపి, తన సంగతి చెప్పింది.

పిన్ని ఒక పెద్ద హోటల్లో వైన్లు ఎంపిక చేసేది. ఎవరు ఏం తింటున్నారో చూసి దానికి తగిన సీసా సూచించడం ఆమె పని. ఇలాంటి జ్వరమే వచ్చి ఆమెకూ వాసన పోయింది. పైన ఒక మేనేజరు ఉండేవాడు. ఆ నడక చూసి అందరూ చాటుగా నెమలి అనేవారు. ఒకరోజు సిబ్బంది అందర్నీ నిలబెట్టి ఆమె చేతికి ఒక గ్లాసు ఇచ్చాడు. తాగకుండా వాసన చూసి చెప్పమన్నాడు. లేత పసుపు రంగు చూసి, తేలికైన తెల్ల వైన్ అంది పిన్ని. అది నీళ్ళు కలిపిన యాపిల్ రసం. అందరూ పగలబడి నవ్వారు.

“ముక్కు పోయినట్టుంది. ఇంట్లో విశ్రాంతి తీసుకో,” అన్నాడు నెమలి.

తర్వాత వాసన తిరిగొచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. ఆ యాపిల్ రసం కథ ఆమె కంటే ముందే ప్రతి హోటలుకీ చేరిపోయేది. చివరికి ఒక చిన్న రెస్టారెంటులో వడ్డించే పని దొరికింది. అక్కడ వైన్లు ఎంచే మనిషి కావాలని తెలిసి, తనకివ్వమని అడిగింది. యజమానురాలు నీళ్ళు నమిలింది. మర్నాడు మధ్యాహ్నం ఆ ఉద్యోగం తనకివ్వమని మాట్లాడటానికి భోజనానికి వచ్చినవాడు నెమలే.

పిన్నిని చూసి గుర్తుపట్టాడు. “నువ్వా? పళ్ళాలు మోస్తున్నావా? మంచిదే, దానికి ముక్కుతో పనిలేదు.”

చేపకు తగ్గ తేలికైన తెల్ల వైన్ చెప్పమని అతన్ని అడిగింది యజమానురాలు. అతను చెప్పింది సరైనదేనని పిన్ని ఇప్పటికీ ఒప్పుకుంటుంది. కానీ లోపలికెళ్ళి మూత తీయగానే తడిసి ముక్కిన అట్టపెట్టె వాసన వచ్చింది. బెండు మూత చెడి వైన్‌ని పాడుచేసింది. అలాంటి సీసా పక్కన పెట్టేయాలి. పిన్ని పెట్టలేదు. చలి ఇంకా పెరగాలని మంచుముక్కల్లో ఉప్పు వేసి, సీసాను మెడదాకా కూరింది. చలికి వాసన సరిగా పైకి లేవదు. నేను చదివిన రసాయనశాస్త్రమూ అదే చెబుతుంది. అతను పసిగడితే ఉన్న ఉద్యోగమూ ఊడుతుందని ఆమెకు తెలుసు.

నెమలి ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. “నిమ్మతొక్క, పచ్చి యాపిల్,” అని తలూపాడు. తర్వాత తన గొప్పలు మొదలుపెట్టాడు. అవి సాగుతుంటే గ్లాసుల్లో చలి తగ్గింది. యజమానురాలు మళ్ళీ గ్లాసెత్తి మొహం చిట్లించింది.

“ఇదేంటండీ, తడిసిన అట్టలా కంపు కొడుతోంది?”

ఈ రకం అంతేనని, అది మట్టివాసనని అతను సర్దిచెప్పబోయాడు. ఈలోగా పిన్ని అదే రకం ఇంకో సీసా, మరీ చల్లనిది కాకుండా, తెచ్చి పోసింది. యజమానురాలు రెండూ వాసన చూసి, అతని ముందుకు జరిపింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

పిన్ని వంగి మెల్లగా అంది: “ముక్కు పోయినట్టుంది సార్. ఇంట్లో విశ్రాంతి తీసుకోండి.”

అతను వెళ్ళాక యజమానురాలు నిలదీస్తే, మూత తీసినప్పుడే తెలుసని పిన్ని దాచకుండా చెప్పేసింది. ఆవిడ ఉద్యోగం ఇచ్చింది గానీ, ఇంకోసారి చెడిన వైన్ బల్ల మీదికొస్తే బయటికి పంపేస్తానంది. పిన్నికి పశ్చాత్తాపం ఏ కోశానా లేదు. ఆ ఎర్రటి చెవులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు చల్లబడుతుందంటుంది. వింటే నాకూ చల్లబడింది.

ఈమధ్య నాకూ వాసన తిరిగొచ్చాక, మేం తెల్ల వైన్ తెచ్చుకున్నప్పుడల్లా నేను ఆమె చెప్పినట్టే చేస్తున్నాను: “మరీ చల్లగా పోసినవాణ్ణి నమ్మకే. గ్లాసు కాసేపు అరచేతుల్లో పట్టుకో. వాసన చూడు. ఆ తర్వాతే తలూపు.”