ఆగి ఆగి చదివిన బస్సు లెక్క

నిన్న సాయంత్రం మా మనవరాలు మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో ఫిజిక్స్ లెక్కలు చేస్తుంటే, కళ్లద్దాలు సర్దుకుని నేనూ అటు చూశాను. నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన బస్సు అన్న చోటికి నా చూపు చేరేసరికే దాని వేలు జవాబు మీద పడింది, తెర మీద లెక్క మారిపోయింది.

అలాంటి బస్సు ఒకటి మా ఉద్దానం ఇంట్లో కొన్నాళ్లు తిరిగింది. నాకు అక్షరాలు వచ్చింది పెద్దయ్యాకే, పలాసలో జీడిపప్పు పనికి వెళ్లొచ్చిన సాయంత్రాలు ఊళ్లో వయోజన బడిలో కూర్చుని. అప్పటికి నా కూతురు టెక్కలిలో ఇంటర్మీడియట్ చదువుతోంది. సమ త్వరణం లెక్కలు దానికి రాక కాదు, కంగారు. ప్రశ్న గబగబా చదివేసి, తొలివేగం వేయాల్సిన చోట తుదివేగం వేసి, అర్ధ సంవత్సర పరీక్షలో ఫిజిక్స్ తప్పింది. ఒకనాడు నా చదువు అలవాటు కోసం దాని పుస్తకంలో లెక్కనే పైకి చదివాను. నేను కూడబలుక్కుంటూ ఒక మాట దగ్గర ఆగితే, ఆలోగా అది తొలివేగం సున్నా అని రాసుకుంది, ఇంకో మాట దగ్గర ఆగితే త్వరణం, ఆ తర్వాత కాలం. ఆ రోజు లెక్క తప్పలేదు. అప్పటినుంచి చదవడం నా పని, చేయడం దాని పని అయింది. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "మీ అమ్మ బస్సు టెక్కలి సేరీసరికి నీ పరీచ్చలైపోతాయే" అని ఏడిపించేది.

పబ్లిక్ పరీక్షల్లో ఇక ఫిజిక్స్ ఒక్కటే మిగిలిందనగా మా ఆయన పోయారు. కిడ్నీలు పాడై చాలాకాలంగా మంచంలో ఉన్న మనిషి కనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు, నాకు ఏడుపు కూడా రాలేదు. లోపలి గదిలో మూల చాప మీద కూర్చోబెడితే కూర్చున్నాను. మైల తీరేదాకా ఇంట్లోవాళ్లెవరూ ఊరు దాటకూడదని మా అత్త పట్టు పట్టింది. "పరీచ్చ మల్లీ వత్తాది. మీ అయ్య మల్లీ వత్తాడేటే?" అంది నా కూతురితో. అది లోపలికెళ్లి ఫిజిక్స్ పుస్తకం తెచ్చుకుంది. మూల కూర్చున్న మనిషిని తాకకూడదన్నారు కనుక పుస్తకం నా చాప పక్కన నేల మీద పెట్టి, గడప అవతల కూర్చుని, "సదువమ్మా" అంది.

చదివాను. బస్సు బయలుదేరింది, వేగం పెరిగింది, డ్రైవరు బ్రేకు వేశాడు. నా నోట్లోంచి మాటలు వస్తున్నాయే గాని అవేమిటో నాకు పట్టలేదు. మా అత్త బయట అరుగు మీద గోడకి ఆనుకుని అంతా వింటూనే ఉంది. పొద్దు వాలాక ఒక లెక్క మధ్యలో గొంతు ఎండి ఆగిపోతే, ఆవిడే అడిగింది.

"ఏటే, ఆ బస్సు ఆగిందా, నేదా?"

"ఇంకా నేదు నానమ్మా" అంది నా కూతురు.

"రేపు పరీచ్చకి ఎల్లిరా. వచ్చినాక నూతికాడ తానం సేసి గడప తొక్కు" అంది మా అత్త.

మర్నాడు అది తడి బట్టలతో వచ్చి నా గది గడప అవతల నిలబడింది. "బస్సు లెక్కొచ్చిందమ్మా. నువ్వు ఆగీ కాడల్లా ఆగి సదువుకున్నాను" అంది. సంతోషపడాలని తెలుసు, సంతోషం రాలేదు. "తల తుడుసుకో" అన్నాను.

ఇప్పుడు నా కూతురు టెక్కలిలో ఫిజిక్స్ లెక్చరరు. "అమ్మ క్లాసులో లెక్క సదివితే అందరూ నవ్వుతారు అమ్మమ్మా, మాట మాటకీ ఆగుతాది" అని నిన్న మనవరాలు చెప్పింది. నేనిప్పుడు పేపరు తడబడకుండా చదివేస్తున్నాను, చదివి పెట్టమని అడిగేవాళ్లే ఇంట్లో లేరు. ఆ రోజుల్లో ఏ మాట దగ్గర ఆగేదాన్నో గుర్తు చేసుకుందామన్నా నాకు గుర్తు రావడం లేదు. నా కూతురికి గుర్తున్నట్టుంది.