గుండిగ మీది పేరు

నఫీసా బేగం భర్త మహమ్మద్ జనగామ చుట్టుపక్కల ఊళ్లలో వంట గిన్నెలకు కళాయి పూసేవాడు. చలిజ్వరంతో అతను చనిపోయాక, కొలిమి తిత్తిని అమ్మేయమన్నారు బంధువులు. నఫీసా అమ్మలేదు. పెళ్లయిన నాటినుంచీ ఆ తిత్తి ఊదింది ఆమే. ఆదివారం అంగడికి దాన్ని మోసుకెళ్లి, కుమ్మరులూ మేదరులూ కూర్చునే చోటు దాటాక, పాత ఇత్తడి, రాగి సామాన్లు అమ్మేవాళ్ల వరసలో కొలిమి పెట్టింది. ఆడమనిషి కళాయి పూయడమేమిటని నవ్వినవాళ్లే తర్వాత గిన్నెలు తెచ్చిచ్చారు.

అది 1949 ఎండాకాలం. నిజాం పాలన పోయి ఇంకా ఏడాది కాలేదు. వెట్టిని ఎదిరించిన రైతుల సంఘానికి భయపడి పారిపోయిన దొర, పోలీసులను వెంటబెట్టుకుని తన కోటలాంటి గడీకి తిరిగొచ్చాడు. సంఘం వాళ్లు గడీ మీద పడ్డప్పుడు పోయిన సామాను కోసం ఇల్లిల్లూ వెతికిస్తున్నాడు. ఎవరింట్లో గడీ చెంబు దొరికినా వాళ్లను పోలీసు క్యాంపుకు తీసుకుపోతున్నారు. అక్కడినుంచి కొందరిని మంచాల మీద మోసుకొచ్చారు.

ఒక ఆదివారం పొద్దున్నే అంగట్లో కొలిమి దగ్గరికి ఎల్లక్క వచ్చింది. నఫీసా పొరుగింటి మనిషి. గొంగట్లో చుట్టిన ఇత్తడి గుండిగను నెత్తిమీంచి దించి, మెల్లగా అంచు తెరిచింది. గుండిగ మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా దొర ఇంటిపేరు కొట్టి ఉంది.

నఫీసా గబుక్కున గొంగడి కప్పేసింది. "యాడిదే గిది?"

"మా అవ్వది. మా నాయిన వెట్టికి పోలేదని గడీ మనుషులు గుంజుకపోయిన్రు. వాళ్ల పేరు కొట్టిచ్చుకున్నరు. సంఘపోళ్లు గడీ తలుపులు పలగ్గొట్టిన్నాడు నేనే పోయి తెచ్చుకున్న. గా పేరు తీసెయ్యి బీబమ్మా."

"అమ్మెయ్యరాదు? పీడ పోతది."

"దాన్ని అమ్మను. మా అవ్వ గిండ్లనే వండేది."

ఎల్లక్క మొగుడు ముత్తయ్య సంఘం దళంతో అడవిలో ఉన్నాడు. ఈ గుండిగ దొరికితే ఆమెను వదలరు. అలాగని పొమ్మనడానికి నఫీసాకు నోరు రాలేదు. నిజాంను దించడానికి సైన్యం వచ్చిన రోజుల్లో తురకోళ్ల ఇళ్ల మీద పడుతున్నారన్న మాట వినగానే, తనను చెయ్యిపట్టి తీసుకెళ్లి గడ్డివాములో దాచింది ఎల్లక్కే. నఫీసా ఆకురాయి తీసుకుని ఆ పేరును అరగదీయడం మొదలుపెట్టింది.

సగం అక్షరాలు పోయాయో లేదో, వరస మొదట్లో బుట్టలు దొర్లిన చప్పుడైంది. గడీ కావలివాడు కాటమయ్య ముందు నడుస్తున్నాడు. వెనక జమేదారు, ఇద్దరు పోలీసులు. ఒక్కో దుకాణం ముందు ఆగి గిన్నెలు తిరగేసి చూస్తున్నారు. దాచే చోటు లేదు. నఫీసా గుండిగను నిప్పుల మీద పక్కకు వొరిగించి, పేరున్న వైపు కిందికి తిప్పింది.

"తిత్తి ఊదు. నోరు తెరువకు," అంది.

జమేదారు కోస్తా వైపువాడు. కొలిమి ముందు ఆగి, "ఏమే, అదెవరిది? పైకెత్తు," అన్నాడు. నఫీసా పటకారుతో ఎత్తింది. కాటమయ్య వంగి, తలగుడ్డ కొసతో మసి తుడిచాడు. మిగిలిన సగం పేరు బయటపడింది.

"గడీదే, సార్."

తిత్తి మీద ఎల్లక్క చేతులు ఆగిపోయాయి. ఆమె పెదవులు కదలడం నఫీసా చూసింది. ఆమెకంటే ముందే తాను మాట్లాడింది.

"అవు, గడీదే. లొల్లికి ముందు మా ఆయనకు కళాయికిచ్చిన్రు. ఆయన సచ్చిపోయిండు. తీస్కపోనీకె ఎవరూ రాలె. కళాయి పూసి నేనే తెచ్చిద్దామనుకున్న."

"మరి పేరెందుకు గీకావు?"

"మసి గీకిన సార్. తెలుగు అచ్చరాలు నాకేం ఎరుక?"

"అచ్చరాలంట!" జమేదారు ఆమె మాటనే వెక్కిరించి పోలీసులవైపు చూసి నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి కాటమయ్యవైపు తిరిగాడు. "నిజమేనా?"

గడీ తలుపులు పగిలిన రోజు కాపలా ఉన్నది కాటమయ్యే. గుండిగను ఎవరు ఎత్తుకెళ్లారో కళ్లారా చూశాడు. అతను ఎల్లక్కను చూశాడు. ఎల్లక్క తల దించలేదు. అతనే దించాడు.

"ఇచ్చే ఉంటరు సార్. మహమ్మద్ గడీకి వచ్చెటోడు."

"అయితే ఇప్పుడే పూసివ్వమను."

వాళ్లు అక్కడే నిలబడ్డారు. ఎల్లక్క తిత్తి ఊదింది. నఫీసా కాలిన గుండిగలో నవసాగరం పొడి చల్లి, తగరం రాసి, పత్తితో తిప్పి తిప్పి తుడిచింది. పొగకు అందరి కళ్లూ మండాయి. ఎల్లక్క కళ్లు మాత్రం పొగ పోయాక కూడా కారుతూనే ఉన్నాయి. చల్లారిన గుండిగను కాటమయ్య నెత్తికెత్తుకున్నాడు. పోతూ పోతూ జమేదారు నఫీసా అమ్మకానికి పెట్టిన రాగిచెంబొకటి చంకలో పెట్టుకున్నాడు.

వాళ్లు కనుమరుగయ్యాక ఎల్లక్క లేచింది.

"మా అవ్వ గుండిగను గడీదని నీ నోటితోని అన్నవు."

"అనకుంటె నిన్ను క్యాంపుకు గుంజుకపోయెటోళ్లు."

"పోతే పోయేదాన్ని!"

"ముత్తయ్య వచ్చి అడిగితే నేనేం జెప్పాలె?"

ఎల్లక్క గొంగడి దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత వాకిట్లో ఎదురుపడినా ముఖం తిప్పుకునేది.

వానలు పడ్డాయి. ముత్తయ్య పెళ్లామని ఎల్లక్కను ఎవరూ నాట్లకు పిలవలేదు. ఒక ఆదివారం నఫీసా కొలిమి రాజేస్తుంటే ఎల్లక్క వచ్చి తిత్తి అందుకుంది. మధ్యాహ్నం నఫీసా జొన్నరొట్టె విరిచి సగం చేతిలో పెట్టింది.

"ఉప్పు తక్కువైంది," అంది ఎల్లక్క.

"వచ్చే వారం నుంచి నువ్వే చేస్కరా."

తర్వాత ముత్తయ్య పట్టుబడ్డాడు, జైలుకెళ్లాడు, మనిషి సగమై తిరిగొచ్చాడు. అన్నేళ్లూ ఎల్లక్క ఇంట్లో పొయ్యి వెలిగింది కళాయి పని మీదే. గుండిగ మాత్రం గడీలోనే ఉండిపోయింది.