మోగని బిళ్ళ

తులం కూడా తూగని వెండి బిళ్ళ ఒకటి పదహారేళ్లుగా నా మనసు మీద కూర్చుంది. ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు.

ఆదోనిలో నాది చిన్న వెండి కొట్టు. పాత నాణేలంటే పిచ్చి. సుల్తానుల కాలపు టంకా ఏది, దాన్ని చూసి పోతపోసిన నకలు ఏది అని నలుగురూ నన్నే అడుగుతారు. అచ్చు కొట్టిన దానిమీద అక్షరాలు పదునుగా నిలుస్తాయి. పోతపోసిన దానిమీద సూదిమొనంత గుంటలుంటాయి, అంచున ఆకురాయి గీతలుంటాయి. ఇంత తెలుసు కాబట్టే ఆ పని చేయగలిగాను.

ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే ఇంటి అవ్వ ఒకామె వచ్చింది. వాళ్ల వీధిలో ఎవరికి కాన్పు నొప్పులు మొదలైనా, సుఖంగా ప్రసవం కావాలని తన టంకాను చెంబు నీళ్లలో వేసి, ఆ నీళ్లు తాగించి ఆస్పత్రికి పంపుతుందట. ఇప్పుడన్నీ నకిలీలే అంటున్నారు, నాదేందో చూడమంది. చూశాను. అసలుదే. అంత నిండైన అచ్చు నేనెన్నడూ చూడలేదు. ఆశ పుట్టింది. రేపు రమ్మన్నాను. ఆ రోజే మట్టిలో అచ్చు తీసి, వెండి కరిగించి నకలు పోశాను. మర్నాడు దాన్ని ఆమె చేతిలో పెట్టి, అసలుదేనని చెప్పాను. ఎంత నిబ్బరంగా చెప్పానో! అమ్ముకోవడానికి కాదు, చూసుకోవడానికే తీశానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంతమాత్రాన దొంగతనం కాకుండా పోతుందా?

తర్వాత నా కూతుర్ని ఆ వీధిలోనే ఇచ్చాను. కిందటేడు రెండో కాన్పుకు ముందు నేనూ నా భార్యా తనను చూడ్డానికి పోతే, మేముండగానే నొప్పులొచ్చాయి. అవ్వ వచ్చింది. నేను పోసిన బిళ్ళే చెంబులో పడింది. నా బిడ్డ కళ్లు మూసుకుని ఆ నీళ్లు తాగింది. అసలుది ఆదోనిలో నా పెట్టెలో ఉంది. చెప్పాలా? ఏ మొహంతో చెప్పాలి? ఆటో వచ్చేదాకా ఆ చెంబునే చూస్తూ నిలబడ్డాను. సుఖంగా ఆడపిల్ల పుట్టింది. అందరూ మిఠాయి తిన్నారు. నాకు ముద్ద దిగలేదు.

మూడోనాడు అసలుది తెచ్చి అవ్వ ముందు పెట్టి, జరిగింది చెప్పాను. ఆమె ఉలిక్కిపడలేదు.

"చెంబులో ఏస్తే గణగణ మోగేదప్పా అది. నీ కొట్లోనుంచి తెచ్చినంక మోగల్యా. ఆ పొద్దే తెలిసిపాయ."

మరి అదే ఎందుకు వాడుతున్నావని అడిగాను.

"తాగే పిల్లోళ్లకు ధైర్యం కావల్ల గదా."

"నన్నెందుకు అడగల్యా అవ్వా?"

"అడిగితే ఇంగోసారి అసలుదే అంటావు. దానికేం అడిగేది?"

టంకాను చెంబులో వేసింది. మోగింది. నకలు నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. క్షమించిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు ఆ నకలు నా కొట్లో బల్లమీదే ఉంటుంది. నాణెం చూపించడానికి వచ్చినవాళ్లకు ముందు దాని చప్పుడే వినిపిస్తాను. ఎవరు పోశారంటే, నేనే అంటాను. ఎందుకు పోశావని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు, నేనే చెప్పాను. ఇవాళ అన్నం సహించింది.