చిటికెడు ఉప్పు

మస్కట్ పక్కన రుసైల్ షెడ్డులో చెక్కపట్టీలు ఉడికే గిన్నెలో ఓబులాచారి రోజూ చిటికెడు ఉప్పు వేస్తాడు. అతనిది మైదుకూరు, వడ్రంగం కులవృత్తి. పలచటి పట్టీని మరిగే నీళ్లలోంచి తీసి, వేడి తగ్గేలోగా అచ్చు చుట్టూ వంచి, రాగి మేకులు కొట్టి గుడ్డు ఆకారపు డబ్బాలు చేస్తాడు. మేకుల్ని పెదవుల మధ్య పట్టుకుంటాడు. బయట కారు ఆగిందంటే వాటిని గబుక్కున జేబులో వేసుకుంటాడు. అతని లేబర్ కార్డులో పని 'కుక్' అని ఉంది. వడ్రంగం చేస్తూ దొరికితే ఇంటికి పంపేస్తారు.

తొంభై నాలుగులో ఒక తనిఖీ అధికారి వచ్చి, కార్డు చూసి "క్యా కామ్?" అన్నాడు. గిన్నె పక్కనే ఉన్న ఓబులాచారి, "కుక్, సార్. ఖానా పకాతా" అన్నాడు, వంట చేస్తానన్నట్టు. అధికారి మూత తీసి, ఆవిరిలో తేలుతున్న పట్టీలను చాలాసేపు చూశాడు. ఉప్పు వేశావా అన్నట్టు "నమక్ డాలా?" అన్నాడు. "భూల్ గయా, సార్" అని, మర్చిపోయానన్నాడు ఓబులాచారి. "డాలో. మై ఫిర్ ఆతా" అని, వెయ్యి, మళ్లీ వస్తానన్నట్టు చెప్పి, అధికారి నవ్వకుండా వెళ్లిపోయాడు.

మూడేళ్లయినా ఆయన మళ్లీ రాలేదు. "ఆయప్ప ఎప్పుడో మర్చిపోయింటాడు లేన్నా" అంటాడు పక్క బల్ల జావెద్.

"ఈ పొద్దు గుర్తొస్తే?" అంటూ ఓబులాచారి ఉప్పుడబ్బా మూత తీస్తాడు.