చెయ్యి కావాలా, గాజులు కావాలా

పోయిన వేసవి నుంచి మా ఇంట్లో అప్పడాలు వేయించడం మానేశాను. ఎవరైనా అడిగితే కొలెస్ట్రాల్ అంటాను. మా ఆయన నమ్మాడు, మా అమ్మాయి నమ్మలేదు. అసలు సంగతేమిటంటే, అప్పడం విరిగే చప్పుడు నేను వినలేను. తువ్వాలు కింద మట్టిగాజులు నలిగినప్పుడు అచ్చం అదే చప్పుడు వచ్చింది.

గచ్చిబౌలిలో ఒక కంపెనీలో టెస్టింగ్ టీమ్ చూస్తాను నేను. కిందటి ఏడాది ఆఫీసులో ప్రథమ చికిత్స నేర్పిస్తామని ఫ్లోరుకి ఒకరిని రమ్మన్నారు. మా ఫ్లోర్ నుంచి ఎవరూ కదల్లేదు, నేను చెయ్యెత్తాను. ఎవరూ ముందుకు రాకపోతే దూకేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఒక రోజంతా ప్లాస్టిక్ బొమ్మ గుండె నొక్కాం, ఒకరి చేతికి ఒకరు కట్లు కట్టుకున్నాం. సాయంత్రానికి ఒక సర్టిఫికెట్, ఒక ఆకుపచ్చ బ్యాడ్జీ, ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఎవరికైనా దెబ్బ తగులుతుందా అని కాచుక్కూచున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. కాగితం అంచుకి వేలు తెగిన కుర్రాడికి కూడా బ్యాండేజీ చుట్టి పంపాను.

మా ఇంట్లో పనిచేసే ఆమె పడింది ఆ తర్వాత మూడు నెలలకి. ఆరేళ్ళుగా మా ఇంటికి వస్తోంది. ఇంచుమించు నా వయసే. మేం వచ్చి నల్లగండ్లలో ఫ్లాట్ కొనుక్కున్నాం గానీ, ఆమెది ఇక్కడి ఊరే. మా టవర్ లేచిన చోట ఒకప్పుడు జొన్నచేలు ఉండేవని ఆమే చెప్పింది. ఆమె భర్త నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. వేసవిలో మా గేటు దగ్గర వరసగా నిలబడే ట్యాంకర్లలో ఒకటి అతనిది. కింద హారన్ రెండుసార్లు కొడితే ఆమె చీపురు పక్కన పడేసి బాల్కనీలోకి వెళ్ళి చూసి వచ్చేది.

ఆ రోజు నాకు ఇంటి నుంచే పని. పదకొండింటికి క్లయింటుతో కాల్. అది ఆలస్యమైతే నా పరువు పోతుంది, ఆ వారం అలాంటిది. పదిన్నరకి బాల్కనీలో దబ్బుమని చప్పుడైంది. సబ్బునీళ్ళ మీద కాలు జారి, కుడి అరచెయ్యి నేలకి ఆన్చి పడిపోయింది. మణికట్టు దగ్గర చెయ్యి వంకర తిరిగి ఉంది. చూడగానే విరిగిందని తెలిసింది. చెప్పకూడదు గానీ, నాలో భయం కంటే హుషారే ముందు లేచింది.

గోడకి ఆనించి కూర్చోబెట్టాను. ఆన్‌లైన్‌లో వచ్చిన డబ్బా అట్ట చింపి చేతి కింద పెట్టాను. చున్నీ తెచ్చాను. ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి గుడ్డలో చుట్టాను. అంతవరకూ అన్నీ సరిగ్గానే చేశాను. అప్పుడు గాజులు కనబడ్డాయి. కుడి చేతికి డజను ఆకుపచ్చ మట్టిగాజులు. వాపు వచ్చిందంటే అవి చేతిని బిగించేస్తాయి, రక్తం ఆడదు, అందుకే ముందే తీసేయాలి. శిక్షణలో చెప్పిన ఆ మాట నిజం. ఇవాళ అడిగినా నిజమనే చెబుతాను.

ఒకటి లాగి చూశాను. బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయింది, ఆమె కెవ్వుమంది. గోడ గడియారం చూశాను. పది నలభై. చప్పుడు విని పక్క ఫ్లాట్ ఆవిడ వచ్చారు. ఆవిణ్ణి భుజాలు పట్టుకోమని చెప్పి, వంటింట్లోంచి తువ్వాలూ పట్టకారూ తెచ్చాను.

పట్టకారు చూడగానే ఆమెకి అర్థమైంది.

“ఒద్దు మేడం. పలగొట్టకుండ్రి. మా ఆయన మంచిగున్నడు.”

నాకు తెలియక కాదు. మా అమ్మ కూడా గాజు పగిలింది అనేది కాదు, చిట్లింది అనేది. పుణ్యస్త్రీ చేతి గాజులు ఎప్పుడు పగలగొడతారో తెలియని ఆడది తెలుగునాట ఉండదు. అయినా నా కళ్ళు గడియారం మీదే ఉన్నాయి.

“జర ఆగుండ్రి మేడం, నా మాట ఇనుండ్రి...”

“నోర్మూసుకో. చెయ్యి కావాలా, గాజులు కావాలా?”

ఆమె నోరు మూసుకుంది. ముఖం పక్కకి తిప్పుకుంది. గాజుల మీద తువ్వాలు కప్పి, రెండేసి చొప్పున పట్టకారుతో నొక్కాను. ఒక ముక్క గుచ్చుకుని రక్తం వస్తే దూది పెట్టి అదిమాను, ఆగిపోయింది. చెయ్యి మెడకి వేలాడదీసి కట్టి, క్యాబ్ పిలిచాను. క్యాబ్‌లో చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కాల్‌లో చేరాను, సరిగ్గా పదకొండింటికి. ఆమె నా పక్కనే చప్పుడు చెయ్యకుండా ఏడుస్తూ కూర్చుంది. నేను మ్యూట్‌లో పెట్టుకున్నాను.

డాక్టరు గారు మెచ్చుకున్నారు. చక్కగా కట్టారు, గాజులు తీసేసి మంచి పని చేశారు అన్నారు. ఎముక సరిచేసి, మోచేతి దాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు అన్నారు. ఆ మెప్పు మోసుకుంటూ మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, భోజనాల దగ్గర పదిమందికి చెప్పాను. విరిగిన చెయ్యి గురించి కాదు, గాజుల గురించి ఏడ్చిందండీ అన్నాను. అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ నేను నవ్వాను.

మూడు వారాలు తిరక్కుండానే ఆమె భర్త పోయాడు. చందానగర్ దగ్గర, మిట్టమధ్యాహ్నం, ట్యాంకర్ని జాగ్రత్తగా రోడ్డు పక్కకి ఆపి స్టీరింగ్ మీద తల వాల్చాడట. గుండెపోటు. పక్క ఫ్లాట్ ఆవిడ ఫోన్ చేసి చెప్పారు. చెప్పి, “మనమిద్దరం అనవసరంగా...” అని, మాట పూర్తి చెయ్యకుండా పెట్టేశారు.

గాజులకీ గుండెకీ సంబంధం లేదు. నాకు తెలుసు. ఏ లోపం దేనివల్ల వచ్చిందో తేల్చడమే నా ఉద్యోగం. వెనకాల జరిగినంత మాత్రాన ముందుదే కారణమని నా టీములో ఎవరైనా అంటే ఊరుకోను. కానీ బట్టలు ఉతికే మిషన్ కింద చీపురు పెట్టిన ప్రతిసారీ ఒక ఆకుపచ్చ ముక్క వచ్చేది. ఎన్నిసార్లు ఊడ్చినా మళ్ళీ ఇంకోటి. గేటు దగ్గర ట్యాంకర్ హారన్ రెండుసార్లు మోగితే లేచి బాల్కనీ తలుపు వేసేసేదాన్ని. మా ఆయన ఆఫీసు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే వరసపెట్టి ఫోన్లు చేసేదాన్ని. పాపభీతి అంటారే, అది ఏమిటో అప్పుడు తెలిసింది.

పదో రోజు వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదని కాదు, వెళ్ళకుండా ఉండలేకపోయాను. రెండు గదుల ఇల్లు. దండ వేసిన అతని ఫొటో ఎదురుగా ఆమెను పీట మీద కూర్చోబెట్టారు. ఆఖరిసారి కదా, తలనిండా పూలు పెట్టారు, పెద్ద బొట్టు పెట్టారు. ఎడమ చేతికి మోచేతి దాకా గాజులు తొడిగారు. కుడి చేతికి ఇంకా పిండికట్టు ఉంది. వాళ్ళ మేనత్త గాజులు పట్టుకుని, “ఈ చేతికి ఎట్ల?” అంది.

ఆమె తల ఎత్తింది. నావైపు చూడలేదు. ఫొటోవైపే చూస్తూ, “ఈ చేతియి మేడమే పలగొట్టింది. పడ్డప్పుడు పలగలే” అంది.

గదిలో ఆడవాళ్ళంతా నన్ను చూశారు. ఆ తర్వాత జరిగేది ముత్తయిదువలు చూడకూడదని నన్ను బయటికి పంపేశారు. గోడకి ఇవతల చెప్పులేసుకుంటూ ఉంటే చప్పుడు వినిపించింది. ఒక్క చెయ్యే కాబట్టి త్వరగా అయిపోయింది.

ఇంటికి వచ్చి శిక్షణలో ఇచ్చిన పుస్తకం వెతికాను. నేను చేసింది తప్పు కాదని అచ్చులో చూసుకుందామని. గాజులు తీసేయాలన్న మాట పదకొండో పేజీలో ఉంది. మొదటి పేజీలో మొదటి మాట ఇది: గాయపడినవారు స్పృహలో ఉంటే, మీరేం చేయబోతున్నారో చెప్పండి, వారి అనుమతి అడగండి. పన్నెండు రకాల కట్లు గుర్తు పెట్టుకున్నదాన్ని, ఈ ఒక్క ముక్కా ఎలా మర్చిపోయానో నాకే తెలియదు.

రెండు నెలలకి ఆమె మళ్ళీ పనికి వచ్చింది. చెయ్యి బాగా అతికింది. తడిగుడ్డ గట్టిగా పిండగలుగుతోంది. నేను వారం రోజులు ఆమె ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. ఎనిమిదో రోజున ఇక తట్టుకోలేక, టీ ఇచ్చి కూర్చోబెట్టి అడిగేశాను.

“నా మీద కోపంగా ఉందా?”

“కోపమెందుకు మేడం. చెయ్యి మంచిగైంది గద.”

“ఆ గాజులు... నేను పగలగొట్టడం వల్లే అని...”

ఆమె గ్లాసు కింద పెట్టి, నన్ను వింతగా చూసింది.

“గాజులు పలిగితే మనుషులు పోతరా మేడం? ఆయనకు బీపీ ఉండె. గోలీలు ఏస్కోమంటే ఇనకపోతుండె. గంత తెల్వనిదాన్నా నేను?”

ఆ మాటకి నా గుండెల మీంచి బరువు దిగిపోవాలి. దిగేలోపే ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.

“ఆ దినం మిమ్ముల జర ఆగుండ్రి అన్న. పాలకవరు చేతికి తొడిగి, మీదికెళ్ళి సబ్బునీళ్ళు పోస్తే ఎంత బిగుతు గాజులైనా జారుతయి. నొప్పైతుండె, అయితే ఏమాయె, ఓర్చుకుందును. మా ఆయన ఎన్నిసార్లు తీసిండు గట్ల. గదే చెప్దామనుకున్న. మీరు నోర్మూసుకో అన్నరు.”

“నాకు కాల్ ఉంది ఆ రోజు” అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నిజం కాబట్టి వచ్చేసింది.

ఆమె తల ఊపింది. “ఇంటికి పోంగనే ఆయన అడిగిండు, గాజులేవని. మేడం పలగొట్టిందంటే మనసు ఖరాబు చేసుకుంటడని, పడ్డప్పుడే పలిగినయని చెప్పిన. చిన్న చిన్న అబద్ధాలు శాన చెప్పిన గానీ, గిది చెప్పినంక నాకు మనసున పట్టలే. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంటనే ఉన్న. ఇంతల పాయె.”

పదో రోజు మాట నా నోటిదాకా వచ్చింది. “మరి ఆ రోజు అందరిలో నన్ను...”

“మిమ్ముల అన్లే మేడం,” అంది ఆమె. “ఆయనకు చెప్పిన.”